నన్నారి వాసన ఎక్కడికి పోయింది?

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "నన్నారి వేర్లను గంటసేపు మరిగించి, చక్కెర వేసి పాకం పట్టాను. రంగు బాగా దిగింది, ఇల్లంతా ఘుమఘుమలాడింది, కానీ షర్బత్తులో వాసనే లేదు. ఎందుకని?" జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఇల్లంతా పరుచుకున్నది సీసాలోకి రావలసిన వాసనే.

తిరుపతిలో ఎండాకాలం నిమ్మరసం పిండి ఇచ్చే ఈ షర్బత్తుకు నన్నారి పేరుతో సుగంధిపాల వేరునో, శేషాచలం కొండల్లో దొరికే మారేడు గడ్డలనో వాడతారు. (బిల్వపత్రినిచ్చే మారేడు చెట్టు వేరే, ఇది వేరే.) రెండింటిలోనూ ప్రధాన సుగంధ పదార్థం ఒకటే: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములోని వెనిలిన్‌లాగే దీనిలోనూ 8 కార్బన్, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులే ఉన్నాయి. తేడా అంతా అమరికలో ఉంది.

వెనిలిన్‌లో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) సమూహం ఆల్డిహైడ్ (కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల CHO సమూహం)‌కు సరిగ్గా ఎదురు కొసన ఉంటుంది కనుక అది పక్క అణువులను గట్టిగా పట్టుకోగలదు. నన్నారి అణువులో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నందువల్ల హైడ్రాక్సిల్ తన సొంత ఆల్డిహైడ్‌తోనే హైడ్రోజన్ బంధం (హైడ్రోజన్ ద్వారా కలిగే ఆకర్షణ) ఏర్పరచుకుని ఇరుగుపొరుగు అణువులతో పొత్తు తగ్గించుకుంటుంది. అందుకే వెనిలిన్ కరగడానికి సుమారు 82 డిగ్రీల సెల్సియస్ వేడి కావలసి ఉండగా ఇది 42 డిగ్రీల దగ్గరే కరిగి, మరిగే నీటి ఆవిరి వెంట సులువుగా లేచిపోతుంది. ఇంటర్మీడియట్‌లో ఆర్థో నైట్రోఫినాల్ (ఇలాగే రెండు సమూహాలు పక్కపక్కనే ఉన్న మరో పదార్థం) పేరుతో మనమంతా బట్టీ పట్టిన పాఠం ఇదే. ఆ రోజు పిల్లల చేతికి ఒక వేరు ముక్క ఇస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరని నా గట్టి నమ్మకం.

చక్కెర పని వేరు. పాకం బరువులో అది 65 శాతం దాకా ఉంటే నీరు దానికే కట్టుబడి సూక్ష్మజీవులకు అందదు; నీళ్లు కలిపిన గ్లాసుకు ఆ రక్షణ ఉండదు.

ఐరోపా లికర్లలో (తియ్యని సుగంధ మద్యాలలో) లీటరుకు సాధారణంగా కనీసం 100 గ్రాముల చక్కెర, 15 శాతం ఆల్కహాల్ ఉండాలన్నది అక్కడి నిబంధన. వాటి తయారీలో మూలికలను చల్లని ఆల్కహాల్‌లో నానబెడతారు, లేదా స్వేదనం చేసి ఆవిరిని చల్లబరచి పట్టుకుంటారు. ఎలా చేసినా వాసన గాలికి పోదు.

మన వంటింట్లో ఆల్కహాల్ అక్కరలేదు. వేరును నలగ్గొట్టి, నడిమి పుల్ల తీసేసి, పై బెరడును వేడినీళ్లలో వేసి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. పాకం విడిగా కాచి, చల్లారాక ఆ నీళ్లు కలపండి. పొద్దున మూత తీసినప్పుడు దాని వెనుక పట్టిన చుక్కలను వాసన చూసి, వాటినీ గిన్నెలోకే వంచండి.