‘సాంటర్’ పుట్టుక: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా పని. కష్టమైన మాట వస్తే నిఘంటువు తీస్తాం కాబట్టి పెద్దగా ప్రమాదం ఉండదు. వెనకాల అందమైన కథ ఉన్న మాట దగ్గరే దెబ్బ తింటాం. నన్ను అలా ముంచిన మాట సాంటర్. తొందరేమీ లేకుండా, అటూ ఇటూ చూసుకుంటూ, నింపాదిగా నడవడం అని దాని అర్థం.

అపోహ: జెరూసలేం యాత్రికుల నుంచి సాంటర్ వచ్చింది.

కథ ఇలా నడుస్తుంది. మధ్యయుగాల్లో కొందరు సోమరులు ‘పుణ్యభూమికి పోతున్నాం’ అని చెప్పి ఊరూరా తిరుగుతూ అడుక్కునేవారట. పుణ్యభూమిని ఫ్రెంచిలో ‘సాంత్ తెర్’ అంటారు. అదే నలిగి సాంటర్ అయిందట. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో నడక మీద రాసిన వ్యాసంలో ఈ కథ చెప్పాడు. ఆ వ్యాసం 1862లో, ఆయన పోయిన మరుసటి నెలలో అచ్చయింది. ఇప్పటికీ చాలామంది ఆయన పేరు చెప్పే దీన్ని నమ్ముతారు. నిజానికి కథ ఆయనది కాదు. అంతకు వందేళ్ల ముందే, 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో ఉంది.

వాస్తవం: ఈ మాట పుట్టుక ఇంతవరకూ తేలలేదు.

తేలినంతవరకు చూసినా కథ నిలబడదు. పదిహేనో శతాబ్దంలో ‘సాంట్రెన్’ అనే రూపం కనిపిస్తుంది. అప్పుడు దాని అర్థం నడక కాదు, ఆలోచనల్లో మునిగిపోవడం. నింపాది నడక అనే అర్థం పదిహేడో శతాబ్దంలో గానీ రాలేదు. యాత్రికుల నుంచే పుట్టి ఉంటే నడక ముందు రావాలి, పరధ్యానం తర్వాత రావాలి. ఇక్కడ వరస తిరగబడింది. పైగా పుణ్యభూమి కోసం యుద్ధాలు చేసిన క్రైస్తవ సైనికుల (క్రూసేడర్ల) చేతిలో అక్కడ మిగిలిన ఆక్ర్ కోట 1291లోనే పడిపోయింది. దాదాపు నాలుగు వందల ఏళ్లు ఆ నడక ఎక్కడ దాక్కుంది?

ఇదంతా తెలియని రోజుల్లో, ఒక కథలో పేపరు కొనుక్కోడానికి వీధిలోకి వచ్చిన ముసలాయన్ని ‘యాత్రికుడిలా సాగిపోయాడు’ అని రాసి ఇచ్చాను. ఎడిటర్ మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు: ‘ఈయన వెళ్తున్నది పేపరుకా, కాశీకా?’

అపోహ: తిరగడం అనే అర్థమున్న ‘రోమ్’ మాట రోమ్ నగరం నుంచి వచ్చింది.

తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఇంగ్లీషు స్పెల్లింగు వేరు. దీని పుట్టుకా తేలలేదు. రోమ్‌కు వెళ్లే యాత్రికుణ్ణి ఇటాలియన్‌లో ‘రోమియో’ అనడం మాత్రం నిజమే. ఆ పోలికే ఈ కథకు బలం ఇచ్చినట్టుంది.

అపోహ: అయితే యాత్రల కథలన్నీ కల్పితాలే.

వాస్తవం: కాదు, ‘కాంటర్’ ఉంది. 1170లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ చర్చిలో అక్కడి ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపారు. తర్వాత ఆయన సమాధి పెద్ద యాత్రాస్థలం అయింది. యాత్రికుల గుర్రాలు మరీ దౌడు తీయకుండా హాయిగా సాగే వేగాన్ని ‘కాంటర్‌బరీ గ్యాలప్’ అన్నారు. పద్దెనిమిదో శతాబ్దానికి అది కాంటర్‌గా కురచైంది. సాంటర్‌కు లేనిది ఇదే: మధ్యలోని మెట్టు కాగితం మీద దొరకడం.

‘మియాండర్’ సంగతి ఇంకా తేలిక. నైరుతి టర్కీలో మెలికలు తిరుగుతూ ఏజియన్ సముద్రంలో కలిసే ఒక నదికి గ్రీకులు పెట్టిన పేరు అది. తర్వాత మెలికలు తిరిగే ప్రతిదానికీ అతుక్కుంది.

మన ‘షికారు’ ప్రయాణమూ తక్కువదేం కాదు. పారసీలో షికార్ అంటే వేట. ఇప్పుడు ‘అలా షికారుకెళ్లొద్దాం’ అనేవాళ్లెవరూ తుపాకీ పట్టుకుని బయల్దేరరు. సాంటర్‌కు చాలాచోట్ల షికారు సరిపోతుంది కూడా. ఆ ముసలాయన వాక్యంలో మాత్రం కుదరదు, ఆయనకు పేపరు పని ఉంది. ఇప్పుడైతే ‘పేపరు కోసం అలా అలా నడుచుకుంటూ వెళ్లాడు’ అని రాస్తాను.