బర్క్‌లీలో నాన్‌లోకల్ సీటు వెనుక కాలిఫోర్నియా బడ్జెట్

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో అమ్మాయి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ క్యాంపస్‌కు దరఖాస్తు పెడుతుంటే ఇంట్లో చర్చంతా మార్కుల చుట్టూ, వ్యాసాల చుట్టూ తిరుగుతుంది. కానీ ఆమె పోటీపడే సీట్లు ఎన్నన్నది ఆమె ప్రతిభతో నిమిత్తం లేకుండా, రాష్ట్ర ఖజానా స్థితిని బట్టి పెరుగుతూ తగ్గుతూ వచ్చింది.

1868లో ఏర్పడిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ రాష్ట్ర ప్రజల పన్నులతో ఎదిగింది. హైస్కూలు పూర్తిచేసినవారిలో పై 12.5 శాతం మందికి అందులో చోటుండాలని రాష్ట్ర ఉన్నత విద్యకు 1960లో వేసిన మాస్టర్ ప్లాన్ చెప్పింది. బయటివారిని తీసుకుంటే, వారు అర్హులైన స్థానికుల్లో పై సగంతో సరితూగాలని కూడా అదే ప్రణాళిక సూచించింది. అప్పట్లో బయటివారి గడప ఎత్తైనది, సంఖ్య స్వల్పం. 2007 ప్రాంతానికి కూడా అండర్‌గ్రాడ్యుయేట్లలో ఇతర రాష్ట్రాలు, ఇతర దేశాలవారు కలిపి సుమారు 5 శాతమే.

2008 ఆర్థిక సంక్షోభంతో లెక్క తారుమారైంది. 2009 నవంబరులో విశ్వవిద్యాలయ పాలకమండలి సభ్యులైన రీజెంట్లు ఫీజును 32 శాతం పెంచారు. 2011–12లో రాష్ట్రం విశ్వవిద్యాలయానికిచ్చే నిధుల్లో 65 కోట్ల డాలర్లు కోసేసింది. బయటి విద్యార్థి మాత్రం మామూలు ఫీజుపైన ఏటా మరో 22,878 డాలర్లు కట్టేవాడు. పై సగంతో సరితూగాలన్న పాత ప్రమాణాన్ని కూడా 2011లోనే సడలించారు.

దాని ఫలితం 2016 మార్చిలో రాష్ట్ర ఆడిటర్ నివేదికలో బయటపడింది. 2010–11 నుంచి 2014–15 వరకు బయటివారి సంఖ్య 82 శాతం, అంటే దాదాపు 18,000 పెరగగా, స్థానికుల సంఖ్య సుమారు 2,200 తగ్గింది. మూడేళ్లలో ప్రవేశం దొరికిన దాదాపు 16,000 మంది బయటివారి స్కోర్లు, అదే క్యాంపస్‌లో ప్రవేశం పొందిన స్థానికుల మధ్యస్థ స్కోరు కంటే తక్కువని కూడా ఆ నివేదిక తేల్చింది. బయటివారు కట్టే అదనపు ఫీజు రాకపోతే స్థానికులకే ఇంకా తక్కువ సీట్లు మిగిలేవని విశ్వవిద్యాలయం వాదించింది. నా దృష్టిలో తప్పు ఆ పిల్లలది కాదు, పూర్తిగా విశ్వవిద్యాలయానిదీ కాదు. నిధులు కోసిన శాసనసభే ముందు జవాబు చెప్పాలి.

2017 మేలో రీజెంట్లు బయటివారి వాటాకు తొలిసారి 18 శాతం పరిమితి పెట్టారు. అప్పటికే దాన్ని దాటిన బర్క్‌లీ (24.4), శాన్ డియేగో (22.9), లాస్ ఏంజెలెస్ (22.8), అర్వైన్ (18.9) క్యాంపస్‌లను అప్పటి శాతం దాటకుండా ఆపారు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలను కూడా అయిదేళ్లలో 18 శాతానికి దించాలని, 2022 నుంచి ఏటా దాదాపు 900 సీట్లను స్థానికులకు మళ్లించాలని 2021 బడ్జెట్ నిర్ణయించింది. పోయే ఫీజును రాష్ట్రమే భర్తీ చేస్తానంది. అంటే ఖజానా కోలుకున్నాక ఆ సీట్లను రాష్ట్రం తిరిగి కొనుక్కుంది.

మన దగ్గర 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా విడదీసి 85 శాతం సీట్లను లోకల్ అభ్యర్థులకు కేటాయించింది. మన నాన్‌లోకల్ వివాదం ప్రాంతాల మధ్య న్యాయం గురించి పుట్టింది. అక్కడిది డబ్బు దగ్గర మొదలైంది. మన దగ్గర లోకల్ కావడానికి ప్రధానంగా వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు. కాలిఫోర్నియాలో కనీసం 366 రోజుల నివాసం, అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం రుజువు కావాలి. డ్రైవింగ్ లైసెన్సు ఏ తేదీన తీసుకున్నారు, కారు ఎక్కడ రిజిస్టరైంది, ఆదాయపు పన్ను ఏ రాష్ట్రంలో కట్టారు అని ఒక్కొక్కటే ఆరా తీస్తారు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్–4 వీసాతో ఉన్న పిల్లలు ఈ నివాసాన్ని నిరూపించుకోవచ్చు. విద్యార్థి వీసా ఎఫ్–1పై వచ్చినవారికి ఆ వీలు లేదు. తల్లిదండ్రులు వేరే రాష్ట్రంలో ఉంటే, 24 ఏళ్లలోపు విద్యార్థి తన ఖర్చు తానే భరిస్తున్నట్టు కూడా చూపాలి. అది కుదరని కుటుంబం 2025లో పిల్లను చేర్పిస్తే, మామూలు ఫీజుకు అదనంగా కట్టాల్సింది ఏడాదికి 37,602 డాలర్లు.