పరిగెడితే ఊపిరాడటం లేదా? గొంతు కూడా చూపించండి

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఆటల్లో ఊపిరాడక ఆగిపోతే ఎవరికైనా ముందు తట్టేది ఆస్తమాయే. ఇన్‌హేలర్ మొదలుపెడతారు. సరిగ్గా వాడుతున్నా గుణం కనిపించకపోతే మోతాదు పెంచే ముందు స్వరపేటికను, అంటే గొంతులో స్వరం పుట్టే భాగాన్ని అనుమానించాలి. స్వీడన్‌లోని ఉప్సలలో 13–15 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 5.7 శాతం మందికి వ్యాయామంలో స్వరపేటిక ఇరుకవుతోందని అంచనా వేశారు. అంటే మరీ అరుదేమీ కాదు.

పరిగెత్తేటప్పుడు స్వరపేటిక బాగా తెరుచుకోవాలి. ఈ సమస్య ఉన్నవాళ్లలో స్వరతంత్రులకు పైనుండే మెత్తటి మడతలు గాలితోపాటు లోపలికి లాక్కుపోతాయి. కొందరిలో స్వరతంత్రులే దగ్గరపడతాయి. గట్టిగా పీల్చేకొద్దీ మెత్తని స్ట్రా అతుక్కుపోయినట్టు దారి ఇంకా మూసుకుంటుంది. భయపడి మరింత గట్టిగా పీలుస్తారు, దాంతో ఇబ్బంది ముదురుతుంది.

తేడా పట్టిచ్చేవి రెండే ప్రశ్నలు: ఎప్పుడు వస్తుంది? గాలి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? గొంతు సమస్య పరుగు తారస్థాయిలో ఉండగా వస్తుంది. గాలి పీల్చేటప్పుడు కీచుమనే చప్పుడు మెడ దగ్గర వినిపిస్తుంది. ఆగిన కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఆస్తమా ఎక్కువగా ఆట ఆపాక 5–20 నిమిషాల మధ్య ముదురుతుంది, పిల్లికూతలు గాలి వదిలేటప్పుడు వస్తాయి. ఊపిరాడని సమయంలో ఫోన్‌లో శబ్దంతో సహా వీడియో తీసి డాక్టరుకు చూపించండి, మాటల్లో చెప్పేదానికన్నా ఎక్కువ పనికొస్తుంది. పరుగులో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ముందు గుండె పరీక్ష చేయించాలి.

కూర్చోబెట్టి గొంతు చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది. అందుకే నార్వేలోని బెర్గెన్ వైద్యులు వేరే పద్ధతి తెచ్చారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, దాన్ని తలకు కట్టి, ఇక చాలనేదాకా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తారు. మడతలు ఎప్పుడు, ఎంత మూసుకున్నాయో తెరమీద కనిపిస్తుంది. ఆ తెరను పిల్లలకూ చూపిస్తే ‘ఊపిరితిత్తులు పాడయ్యాయి’ అన్న భయం సగం పోతుంది.

చికిత్స శ్వాస సాధనతో మొదలవుతుంది: భుజాలు, దవడ వదులు చేయడం, పొట్టతో ఊపిరి తీయడం, పెదవులు దగ్గరగా పెట్టి నెమ్మదిగా గాలి పీల్చడం. దీన్ని స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుని, ముందు నడకలో, ఆ తర్వాత పరుగులో అలవాటు చేసుకోవాలి. ఊపిరాడని క్షణంలో కొత్తగా ప్రయత్నిస్తే కుదరదు. ఆస్తమా, గొంతు సమస్య రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి ఇన్‌హేలర్‌ను సొంతంగా ఆపకూడదు. పై మడతలు తీవ్రంగా మూసుకుపోయి, సాధనతో లాభం లేకపోయినప్పుడే లేజర్‌తో అదనపు కణజాలాన్ని తొలగిస్తారు. ఇబ్బంది స్వరతంత్రులదే అయితే ఆ ఆపరేషన్ పనికిరాదు.