మొదటి అక్వేరియానికి ఏ చేపలు? ముందు కుళాయి నీళ్లు చూడండి

షాపులో చేపపిల్లలన్నీ ముద్దొస్తూనే ఉంటాయి. వేలెడు పొడవు, మెరిసే ఒళ్లు, పిల్లాడు గాజు మీద వేలు పెడితే దగ్గరికొచ్చి చూసే కళ్లు. వాటిలో ‘షార్క్’ అని అమ్మే వెండిరంగు పిల్లను కాస్త గమనించండి. దానికీ షార్కుకీ ఏ చుట్టరికమూ లేదు. అది పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో టన్నుల లెక్కన పెంచి లారీలకెత్తే చేప అదే, హోటళ్లలో ‘బాసా’ పేరుతో ప్లేటులోకి వచ్చేదీ చాలావరకు అదే. ఎదిగితే మీటరు దాటగలదు. పక్క ట్యాంకులో ‘పిరానా’ అని చూపించేది చాలాసార్లు మన రూప్‌చంద్. అదీ చెరువు చేపే. రెండడుగుల గాజుపెట్టెలో ఈ రెండూ బతికినన్నాళ్లూ ఇరుకునే బతుకుతాయి.

అందుకే షాపువాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘జత ఎంత?’ అని కాదు, ‘పెద్దదైతే ఎంత పొడవుంటుంది?’ అని. ‘ట్యాంకును బట్టే పెరుగుతుందండీ’ అనే జవాబు వస్తే ఆ మాట నమ్మకండి. ఇరుకు ట్యాంకులో చేప గిడసబారేది పేరుకుపోయిన వ్యర్థాల వల్ల, చలనం లేకపోవడం వల్ల. అలా గిడసబారిన చేప ఎక్కువ కాలం ఉండదు.

అద్దానికి పట్టిన నాచు తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. ఇంట్లో పట్టక జనం దాన్ని కాలువల్లో వదిలేస్తుంటే, అది చెరువుల్లో చేరి వలలు చింపుతోందని ఆంధ్ర రైతులు ‘డెవిల్ ఫిష్’ అని తిట్టుకుంటున్నారు. వాస్తు పేరుతో కొనే అరోవానా రెండడుగులు దాటుతుంది, ట్యాంకే రెండడుగులైతే అది తిరగను కూడా తిరగలేదు. ఇక అందరికీ తెలిసిన గోల్డ్‌ఫిష్. అది చల్లటి నీటి చేప, బాగా తింటుంది, అంతే బాగా మలినం చేస్తుంది, సరిగ్గా చూస్తే పదేళ్లు పైనే బతుకుతుంది. గుండ్రటి గాజు గిన్నెలో అది వారాల్లో చనిపోతే ‘చేపలు మనింటికి అచ్చిరావు’ అనుకుంటారు గానీ, తప్పు గిన్నెది.

ఇంతకీ మొదటి ఇంటికి ఏది నప్పుతుంది? దీనికి జవాబు మీ కుళాయిలోనే ఉంది. షాపులో చేపను ఎంచుకుని దానికి తగ్గట్టు ఇంట్లో నీళ్లు మార్చాలని చూసేవాళ్లు ఎక్కువగా ఓడిపోతారు. ఇంట్లో వచ్చే నీళ్లు చూసి, ఆ నీళ్లలో హాయిగా ఉండే చేపను తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

బోరు నీళ్లా? కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోతే, సబ్బు నురగ రాకపోతే, కుళాయి మూతికి తెల్లటి పొర పేరుకుంటే మీవి కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలాలు. ఫిల్టర్ బాగుచేసే అబ్బాయి దగ్గరుండే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్నులో 500 దాటితే దాదాపు ఖాయం. తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో ఇది మామూలే. ఈ నీళ్లకు చక్కగా సరిపోయేవి గప్పీ, ప్లాటీ, మోలీ. గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్ని కనే జాతులివి, గట్టి నీళ్లలోనే దిట్టంగా ఉంటాయి. దోమల లార్వాలను తింటాయని మలేరియా విభాగం వాళ్లు గుంటల్లో వదిలే గంబూసియా కూడా వీటి కుటుంబమే. మొండి వంశం.

మునిసిపాలిటీ నది నీళ్లయితే ఎంపిక ఇంకా పెరుగుతుంది. అందులో నా ఓటు జీబ్రా డానియోకి. ఇది మన ఉపఖండపు చేపే. గంగా పరీవాహక ప్రాంతంలో చూసి 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. హైదరాబాద్ సీసీఎంబీతో సహా ఎన్నో ప్రయోగశాలలు పరిశోధనకు పెంచేది దీన్నే. అలాంటి చోట్ల మామూలుగా దీని నీళ్లను 28.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంటే మన ఇళ్లలో ఏడాదిలో చాలా భాగం హీటరు లేకుండానే ఉండే వేడి. కావాలంటే తర్వాత చెర్రీ బార్బ్‌లు జత చేసుకోవచ్చు. నియాన్ టెట్రా ఎంత అందంగా ఉన్నా మొదటి ఏడాది వద్దు. దానికి ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, 25 డిగ్రీల చుట్టూ చల్లదనం కావాలి, మే నెలలో మన హాల్లో ఆ రెండూ దొరకవు.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. నీటిలో కరిగే ఆక్సిజన్ 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పని పెరిగి దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన ఇల్లులాంటిదే ఆ ట్యాంకు. దీనికి తోడు అమ్మోనియా. చేపల మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి ఇది నిరంతరం నీటిలో చేరుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది: పెద్దగా హాని చేయని అమ్మోనియం, మొప్పల్ని కాల్చేసే అమ్మోనియా. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉంటే విషరూపం అర శాతానికి కొంచెం ఎక్కువ. పీహెచ్ 8 అయితే 5 శాతం పైన. అదే పీహెచ్‌లో నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే 7 శాతం దాటుతుంది. బోరు నీళ్ల పీహెచ్ తరచూ 8 దగ్గరే ఉంటుంది. అంటే మునిసిపల్ నీళ్లలో చెల్లిపోయిన మేత పొరపాటు, వేసవిలో బోరు నీళ్ల ట్యాంకులో ప్రాణం తీయగలదు.

‘అయితే ఆర్వో నీళ్లు పోస్తాం’ అంటారు కొందరు. వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే శక్తీ ఉండదు. కొన్నాళ్లకు పీహెచ్ హఠాత్తుగా పడిపోతుంది.

ఈ అమ్మోనియాను తినిపెట్టేది ఫిల్టరు స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా. కొన్ని జాతులు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను చాలా తక్కువ హాని ఉన్న నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంకులో ఇవి ఉండవు. ఆదివారం ట్యాంకు, చేపలు ఒకేసారి తెచ్చి సాయంత్రానికి అన్నీ అమర్చేసిన ఇళ్లలో వచ్చే ఆదివారంలోపే చావులు మొదలయ్యేది అందుకే. నీళ్లు అద్దంలా తేటగా కనిపిస్తూనే ఉంటాయి, విషానికి రంగుండదు కదా.

కాబట్టి ముందు ట్యాంకు, తర్వాత చేపలు, మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాలు. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు తీసుకోండి. లెక్క ప్రకారం 56 లీటర్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్ల నీళ్లు. గాజు, గులకరాళ్లతో కలిపి బరువు 70 కిలోల దాకా తూగుతుంది కాబట్టి టీవీ స్టాండ్ మీద పెట్టకండి. గట్టి బల్ల మీద థర్మాకోల్ షీటు పరిచి దాని మీద పెట్టాలి, లేదంటే బల్ల ఎగుడుదిగుళ్లకు అడుగు గాజు చిట్లుతుంది. పడమటి ఎండ తగిలే కిటికీ, రాత్రి ఏసీ నేరుగా తగిలే గోడ, రెండూ వద్దు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. అది బుడగలిస్తూ నీటి పైపొరను కదుపుతుంది, బ్యాక్టీరియాకు ఇల్లూ అవుతుంది.

ట్యాంకు నింపాక క్లోరిన్ విరిచే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన కొలతలో వేయండి. ఫిల్టరు ఆన్ చేసి, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. ఎప్పటినుంచో చేపలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు తెలిసినవాళ్ల దగ్గరుంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజిని మీ ట్యాంకులో పిండండి. నెల రోజుల పని రెండు వారాల్లో అవుతుంది. చుక్కల పరీక్ష కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనిపిస్తే ట్యాంకు సిద్ధం. ఈ ఎదురుచూపు పిల్లలకు కష్టమే. పరీక్ష గొట్టంలో రంగు మారడం చూపించి, వారం వారం రాయించండి, కాస్త కాలక్షేపం.

ఇప్పుడు లెక్క. బోరు నీళ్ల ఇంటికి ఆరు మగ గప్పీలు, నాలుగు మగ ప్లాటీలు. ఆడవాటిని కలపొద్దని చెప్పడానికి కారణం ఉంది: ఆడ గప్పీ నెలకోసారి పాతిక, ముప్పై పిల్లల్ని పెడుతుంది, ఒకసారి జతకడితే నెలల తరబడి ఆ వీర్యాన్ని దాచుకుని ఈనుతూనే ఉంటుంది. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక, పొట్ట కింది వెనక రెక్క పుల్లలా సన్నగా ఉంటుంది. ఆడదానికి అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. నది నీళ్ల ఇంటికి ఎనిమిది జీబ్రా డానియోలు. ఆరుకు తగ్గితే అవి గుంపు మరిచి ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటాయి. అవి ఎగిరి దూకుతాయి, మూత తప్పనిసరి. ఏదైనా సగం చేపలే మొదట తెచ్చి, రెండు వారాలాగి మిగతావి తేవాలి. బ్యాక్టీరియా జనాభా కూడా చేపలతో పాటే పెరగాలి.

ఒకే ఒక్క చేప చాలనుకునే ఇంటికి ఫైటర్. మగది ఒంటరిగా, 20 లీటర్లకు తగ్గని పెట్టెలో. దానికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే అవయవం ఉంటుంది, తరచూ పైకొచ్చి గాలి మింగుతుంది. బజారులో కొరమీను కాసిన్ని నీళ్ల తట్టలో గంటల తరబడి బతికుండేది ఇలాంటి ఏర్పాటుతోనే. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాలు వదలండి. ఫైటర్‌ని గప్పీలతో మాత్రం కలపకండి, వాటి పొడుగు తోకలు చూసి శత్రువనుకుని చీల్చేస్తుంది.

కొనేటప్పుడు రెక్కలు విప్పుకుని ఈదుతున్న చేపనే తీసుకోండి. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నా, పొట్ట లోపలికి పోయినా, ఆ ట్యాంకులో ఒక్క చేప చచ్చి తేలుతున్నా ఆ ట్యాంకు చేపలేవీ వద్దు. మేత వేసి చూపించమనండి. వేసవిలో సాయంత్రం పూట కొనండి, కవరును బండి హ్యాండిలుకు ఎండలో వేలాడదీయకండి. ఇంటికొచ్చాక కవరును ట్యాంకులో 20 నిమిషాలు తేలనిచ్చి, తర్వాత అరగంట పాటు కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు అందులో పోసి, చేపను వలతో ఎత్తి వదలాలి. కవరు నీళ్లు సింకులోకి.

మేత రెండు నిమిషాల్లో తినేసినంతే, రోజుకోసారి. పిల్లలున్న ఇంట్లో డబ్బా చేతికిస్తే అది తెల్లారేసరికి ఖాళీ. వారానికి సరిపడా మేతను మందుబిళ్లల పెట్టెలో రోజుకో అర చొప్పున సర్ది ఇవ్వండి, ఒక అర ఖాళీగా ఉంచండి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ విరిచిన కొత్త నీళ్లు పోయండి. నెలకోసారి ట్యాంకంతా ఒంపి, రాళ్లు, స్పాంజి కుళాయి కింద తోమి కడిగే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. ఆ శుభ్రంతో ఆరు వారాలు పెంచిన బ్యాక్టీరియా గంటలో పోతుంది. స్పాంజి మురికిపడితే, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే బకెట్లో రెండుసార్లు పిండి పెట్టేయండి.

కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వేసవి మధ్యాహ్నం నీళ్లు 32 దాటితే మూత తీసి, పైన వల కప్పి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోనిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉక్కపోత వల్ల అంతగా దిగదు. ఏ ఉదయమైనా చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే మందుల సీసా వెతక్కండి. మూడో వంతు నీళ్లు మార్చి, గాలి పెంచి, రెండు రోజులు మేత ఆపేసి, అమ్మోనియా పరీక్ష చేయండి. ఫిల్టరు జోలికి మాత్రం వెళ్లకండి.