ఐరోపా అడవులకు నాడి పట్టిన నలభై ఏళ్లు

వేసవిలో, ఆకు పూర్తిగా ఎదిగిన తరువాత, ఇద్దరు అటవీ నిపుణులు ఒక చెట్టుకు కాస్త దూరంగా నిలబడి బైనాక్యులర్లతో దాని గుబురును చూస్తారు. ఆరోగ్యంగా ఉంటే ఆ చెట్టుకు ఎంత ఆకు ఉండాలో, అందులో ఎంత లేదో అంచనా కట్టి, 5 శాతం మెట్లలో ఒక అంకె నమోదు చేస్తారు. అది 25 దాటితే చెట్టు దెబ్బతిన్నట్టు లెక్క. ఐరోపా మీద 16 కిలోమీటర్ల గడులు గీసి, ఆ గీతలు కలిసే చోట అడవి ఉంటే అక్కడి చెట్లను ఏటా ఈ విధంగానే చూస్తున్నారు. 1980ల మధ్యలో మొదలైన ఈ పని నేటికీ ఆగలేదు. అది ఎందుకు మొదలైందో తెలియాలంటే పొగగొట్టాల దగ్గరి నుంచి రావాలి.

బొగ్గు పొగ వాననీటిని ఆమ్లంగా మారుస్తుందని మాంచెస్టర్ పరిసరాలలో పరిశీలించిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ 'ఆమ్ల వర్షం' అనే మాటను 1872లోనే గ్రంథస్థం చేశాడు. అయితే అప్పటికది ఊరి సమస్య మాత్రమే. ఊరి గాలిని కాపాడటానికి ఇరవయ్యో శతాబ్దంలో పొగగొట్టాలను మరింత ఎత్తుగా కట్టారు. దానితో ఊరికి ఉపశమనం దొరికింది గానీ వానను ఆమ్లంగా మార్చే పొగలోని గంధకం మాత్రం గాలిలో వందల కిలోమీటర్లు ప్రయాణించి పొరుగు దేశంలో వానగా దిగింది. స్వీడన్ మృత్తికా శాస్త్రవేత్త స్వాంటే ఓడేన్ ఏళ్ల తరబడి సేకరించిన వాననీటి కొలతలను దగ్గర పెట్టుకుని, తమ సరస్సులలో చేపలు లేకుండా పోవడానికి బ్రిటన్, మధ్య ఐరోపా దేశాల పొగ కారణమని 1967లో ఒక దినపత్రిక ద్వారా ప్రజలకు చెప్పాడు. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులో స్వీడన్ ఈ వాదననే ప్రపంచం ముందు పెట్టింది. ప్రచ్ఛన్న యుద్ధపు రెండు శిబిరాల దేశాలూ కలిసి 1979 నవంబరులో జెనీవాలో దూర ప్రాంతాలకు వ్యాపించే వాయు కాలుష్యంపై ఒడంబడిక కుదుర్చుకున్నాయి. అందులో ఎవరు ఎంత తగ్గించాలన్న అంకె లేదు. అప్పటికి పశ్చిమ జర్మనీ కూడా అటువంటి అంకెకు సుముఖంగా లేదు.

ఆ దేశం మనసు మార్చింది దాని సొంత అడవే. గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌హార్డ్ ఉల్‌రిష్, జోలింగ్ కొండల మీది అడవిలో 1960ల చివరి నుంచి వాననీటినీ మట్టినీ కొలుస్తూ వచ్చాడు. ఆమ్లం నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగివేస్తుందని, మట్టిలో బందీగా ఉన్న అల్యూమినియంను విడిపిస్తుందని, ఆ అల్యూమినియం పీచువేళ్లను చంపుతుందని ఆయన వాదించాడు. పెద్ద అడవులు కొద్ది ఏళ్లలోనే చచ్చిపోతాయన్న ఆయన హెచ్చరిక 1981లో పత్రికలకెక్కింది. 'వాల్డ్‌స్టెర్బెన్', అంటే అడవి చావు, అన్న మాట దేశమంతటా ఇంటింటి మాటయింది.

ఆ తరువాత వచ్చిన లెక్కలను మాత్రం నిదానించి చూడాలి. పశ్చిమ జర్మనీ అడవులలో దెబ్బతిన్న భాగం 1982లో 8 శాతమని, 1983లో 34 శాతమని, 1984లో 50 శాతమని ప్రకటించారు. రెండేళ్లలో అడవి అంతగా పాడయిందా? పాడయింది కొంత, చూసే పద్ధతి మారింది కొంత. మొదటి ఏడాది అటవీ కార్యాలయాలకు ప్రశ్నపత్రాలు పంపి సమాచారం రాబట్టారు. తరువాత ఒక క్రమం ప్రకారం ఎంచుకున్న చెట్లను స్వయంగా వెళ్లి చూశారు. కొంచెం పలచబడిన చెట్టును కూడా దెబ్బతిన్నవాటిలో కలిపారు. ప్రజల భయం వృథా పోలేదు, పెద్ద కొలిమిలున్న కర్మాగారాల పొగను కట్టడి చేసే కఠిన నిబంధన 1983లోనే వచ్చింది. కానీ ఒకే దేశంలోనే ఏటికేడాది పోల్చలేని అంకెలు వస్తుంటే, దేశాల మధ్య తగవు తీర్చేది ఎలా?

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన మలుపు ఇదే. జెనీవా ఒడంబడిక కింద 1985లో అడవుల మీద వాయు కాలుష్య ప్రభావాన్ని కొలిచే అంతర్జాతీయ సహకార కార్యక్రమం ఏర్పడింది. దానిని నడిపే బాధ్యత పశ్చిమ జర్మనీ తీసుకుంది. గంధకపు ఉద్గారాలను 1980 స్థాయి నుంచి 1993 నాటికి కనీసం 30 శాతం తగ్గించాలన్న హెల్సింకి ఒప్పందం కూడా అదే ఏడాదిది. బ్రిటన్, అమెరికా దానిపై సంతకం చేయలేదు. సంతకాల సంగతి అలా ఉండగా, కొలిచేవారు మాత్రం అందరికీ ఒకే నియమావళి రాసుకున్నారు. వేరు వేరు దేశాల పరిశీలకులను ఒకే చెట్టు ముందు నిలబెట్టి, ఒకరి కంటికి 20గా కనిపించినది మరొకరికి 35గా ఎందుకు కనిపిస్తున్నదో సరిచూసే శిక్షణలు పెట్టారు. ఒకే ఆకు నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి ఫలితాలు పోల్చారు.

గుబురు పలచబడిందని కన్ను చెప్పగలదు గానీ, అది పొగ వల్లనో, కరవు వల్లనో, పురుగు వల్లనో చెప్పలేదు. అందుకే 1990ల మధ్య నుంచి కొన్ని వందల చోట్ల లోతైన పరిశీలన మొదలుపెట్టారు. అక్కడ చెట్ల కింద గరాటులు అమర్చి, ఆకుల మీదుగా జారిన వాననీటిని పడతారు. అడవి బయట పట్టిన వానతో దానిని పోలిస్తే, ఆకులు గాలి నుంచి ఎంత కాలుష్యాన్ని పట్టి ఉంచాయో బయటపడుతుంది. వేళ్ల మధ్య నుంచి మట్టినీటిని పీల్చి తీసే గొట్టాలు, రాలిన ఆకును పట్టే వలలు, కాండం చుట్టుకొలత చూసే పట్టీలు కూడా ఉంటాయి.

పొగ నిజంగానే అడవిని చంపిన చోటు లేకపోలేదు. తూర్పు జర్మనీ, చెకోస్లొవాకియా, పోలండ్ కలిసే కొండలలో లిగ్నైట్ (నాసిరకం గోధుమ బొగ్గు) విద్యుత్కేంద్రాల గంధకానికి స్ప్రూస్ (సూది ఆకుల చెట్టు) అడవులు గుట్టలు గుట్టలుగా మోడువారాయి. ఆ ప్రాంతానికి 'నల్ల త్రికోణం' అన్న పేరు స్థిరపడింది. కానీ ఐరోపా అంతటా అడవి చచ్చిపోతుందన్న జోస్యం నిజం కాలేదు. 1980 తరువాత ఆ ఖండంలో గంధకపు ఉద్గారాలు 80 శాతానికి పైగా తగ్గాయి. 2003లో జర్మనీ మంత్రి రెనాటె క్యూనాస్ట్ అడవి చావును జయించామని ప్రకటించారు. అప్పటికీ గాలి నుంచి అడవి మీద పడే నత్రజని భారం మిగిలే ఉంది. గుబురులూ పూర్తిగా కోలుకోలేదు. 2018 కరవు, దాని వెంట వచ్చిన బెరడు పురుగు జర్మనీలోని హార్జ్ కొండల స్ప్రూస్‌ను తుడిచిపెట్టినప్పుడు, దానిని పాత పొగకు అంటగట్టకుండా ఎండ, నీటి కొరత, పురుగు లెక్కలోనే చూడగలిగారంటే, వెనక మూడు దశాబ్దాల కొలతలు ఉండబట్టే.

దక్షిణాసియా దేశాలు 1998లో, సరిహద్దులు దాటే వాయు కాలుష్యంపై చేసిన మాలే ప్రకటనతో ఇటువంటి బాటనే పట్టాయి. భారతదేశం అందులో ఉంది. మన దేశంలో బొగ్గు విద్యుత్కేంద్రాల గంధకానికి 2015 డిసెంబరులో పరిమితులు పెట్టి, గడువులు పలుమార్లు పొడిగించి, 2025 జూలైలో అధిక భాగం కేంద్రాలను గంధకాన్ని వడపోసే యంత్రాల నిబంధన నుంచి మినహాయించారు. కిన్నెరసాని నీటిని వాడుకునే పాల్వంచ బొగ్గు విద్యుత్కేంద్రానికి సమీపంలోనే అభయారణ్యం ఉంది. మన అటవీ నివేదికలలో అడవి విస్తీర్ణాన్ని ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కిస్తారు. హెక్టారు, అంతకు మించిన నేలలో గుబురు 10 శాతం కప్పితే అది అడవి, 40 నుంచి 70 శాతం కప్పితే మధ్యస్థ దట్టపు అడవి. 65 శాతం కప్పిన గుబురు 45 శాతానికి పలచబడినా ఆ పట్టికలో దాని గడి మారదు.