రిపీటర్ గడియారం స్లైడు సగంలో ఆగితే అది తుప్పు కాదు

పోయిన నెల ఒక పెద్దాయన రుమాల్లో చుట్టి తెచ్చిన జేబు గడియారాన్ని నా బల్ల మీద పెట్టారు. వాళ్ళ తాతగారిదట. వెండి కేసు, క్వార్టర్ రిపీటర్, అంటే పక్కనున్న స్లైడు అనే మీట లాగితే గంటలూ పావుగంటలూ మోగించి టైం చెప్పే రకం. "స్లైడు సగం వరకే వస్తోందండీ. తుప్పు పట్టి ఉంటుంది, గట్టిగా లాగమన్నారు. లాగితే లోపల టక్కుమంది" అన్నారు. డయల్ తీసి చూస్తే స్నెయిల్‌ని (గంటల లెక్క చెప్పే మెట్ల బిళ్ళ) తాకే ముక్కు వంగిపోయింది, ర్యాక్ (పళ్ళున్న ముక్క) పన్ను ఒకటి విరిగింది. ఎన్నింటికి లాగారని అడిగాను. ఒంటిగంట దాటిందన్నారు.

అప్పుడది మధ్యలోనే ఆగాలి! స్లైడు లాగినప్పుడు రెండు పనులు జరుగుతాయి. మోగడానికి విడిగా ఉన్న చిన్న స్ప్రింగు చుట్టుకుంటుంది, ర్యాక్ వెళ్ళి 12 మెట్లున్న స్నెయిల్‌ని తాకుతుంది. ఏ మెట్టు తగిలితే అన్ని గంటలు కొడుతుంది. అందుకే చాలా రిపీటర్లలో ఒంటిగంటకి స్లైడు కొంచెమే కదులుతుంది, పన్నెండింటికి పూర్తిగా వస్తుంది. ఈ సంగతి తెలియకుండా "బలంగా లాగు" అని సలహాలిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పన్ను బజార్లో దొరకదు. ఆ ఒక్క గడియారానికే అరగదీసి చేసుకోవాలి.

అలాగని భయపడి సగం లాగి వదిలినా లాభం లేదు. తప్పు టైం చెప్పకుండా ఉండేందుకు 'ఆల్ ఆర్ నథింగ్' అనే ముక్క ఉంటుంది. స్నెయిల్ తగిలేదాకా లాగకపోతే అసలు మోగనివ్వదు. మోగలేదని కంగారు పడకండి. నెమ్మదిగా, దానంతటది ఆగేదాకా లాగి వదలండి. అప్పుడూ ఈడుస్తూ మోగితే నూనె ఎండిపోయిందన్నమాట. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకుండా సర్వీసింగ్‌కి ఇవ్వండి. మోగుతుండగా మాత్రం ముళ్ళు తిప్పొద్దు, ర్యాక్ ఇంకా స్నెయిల్ మీదే ఉంటుంది.

రిపీటర్లు గుడ్డివాళ్ళ కోసం పుట్టాయన్నది ఉత్తమాట. దీపం వెలిగించకుండా రాత్రిపూట టైం తెలియాలని పుట్టాయి. 1687లో లండన్‌లో ఎడ్వర్డ్ బార్లో అనే మతగురువుకీ, డేనియల్ క్వేర్ అనే గడియారాల పనివాడికీ మధ్య రిపీటర్ పేటెంట్ తగాదా రెండో జేమ్స్ రాజు దాకా వెళ్ళింది. బార్లోది రెండు మీటలు నొక్కాలి, క్వేర్‌ది ఒక్కటే. రాజు క్వేర్ వైపు మొగ్గాడు.

గంటగంటకీ తనంతట తాను మోగదేమని కొందరు అడుగుతారు. అలా మోగేది క్లాక్ వాచ్, ఇది కాదు. 3:40కి మూడు గంటలు, రెండు జంట దెబ్బలే కొట్టిందా? అది క్వార్టర్ రిపీటర్. పావుగంటల లెక్కే దానికి తెలుసు, చెడిపోలేదు.

నిమిషాలు కూడా మోగించే మినిట్ రిపీటర్ కొనేవాళ్ళు ముళ్ళు ముందుకే తిప్పి 12:59 దగ్గర పెట్టి వినండి. గంటలకి పన్నెండు లావు దెబ్బలు, పావుగంటలకి మూడు జంటలు, మిగిలిన నిమిషాలకి పద్నాలుగు సన్న దెబ్బలు, మొత్తం 32. చివరి దెబ్బ దాకా వేగం తగ్గకూడదు. ఒక్కటి తక్కువైనా బేరమాడకుండా పెట్టేసి రండి.