జ్యూరీకి పిలుపొస్తే ఆ రోజు కూలి ఎవరివ్వాలి?

అమెరికాలో కోర్టు కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందమే జ్యూరీ. అందులో కూర్చోమని కోర్టు పంపే సమన్లు పౌరుల్లో ఎవరికైనా రావచ్చు. అక్కడ పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లకూ వస్తుంటాయి. పెద్ద కంపెనీలో ఒక మనిషి వారం రాకపోయినా పని సాగిపోతుంది. ఇద్దరే వంటవాళ్లున్న హోటల్లో ఒకరిని కోర్టు పిలిస్తే యజమానికి టెన్షన్, గంటల లెక్కన జీతం తీసుకునే ఆ వంటమనిషికి ఇంకా టెన్షన్.

ఒకప్పుడు ఈ చిక్కును కోర్టులు అడ్డదారిలో తప్పించుకున్నాయి. 1940లలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టు క్లర్కు జ్యూరీ జాబితా రాసేటప్పుడు, ఊరి డైరెక్టరీలో ఎవరైనా ఓడరేవు కూలీ అని కనిపిస్తే ఆ పేరు వదిలేసేవాడు. రోజుకు 10 డాలర్లు వచ్చే పని మానుకుని కోర్టు ఇచ్చే 4 డాలర్ల భత్యానికి రాలేనని కూలీ అంటే జడ్జి ఎలాగూ పంపించేస్తారు, ఇక పేరు రాయడమెందుకన్నది అతని వాదన. కదులుతున్న రైలు కిటికీలోంచి దూకిన థీల్ అనే ప్రయాణికుడు సదరన్ పసిఫిక్ రైల్వే మీద వేసిన కేసులో ఈ సంగతి బయటపడింది. నిజంగా ఇబ్బంది పడే కూలీని జడ్జి మినహాయించవచ్చు గానీ, రోజుకూలీలందరినీ ముందే ఏరిపారేయడం కుదరదని 1946లో సుప్రీంకోర్టు తేల్చింది.

నా దృష్టిలో అది చాలా న్యాయమైన తీర్పు. అయితే కూలీలను లోపలికి రానిచ్చిన వ్యవస్థ, వాళ్ల నష్టం సంగతి పట్టించుకోలేదు. జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగం తీసేయకూడదని 1978లో ఫెడరల్ చట్టం వచ్చింది, కానీ ఆ రోజులకు జీతం ఇవ్వాలని అందులో లేదు. ఫెడరల్ కోర్టు భత్యం 1990లో రోజుకు 40 డాలర్లయితే, 50కి చేరేసరికి 2018 వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో మొదటి రోజుకు ఏమీ లేదు, రెండో రోజు నుంచి 15 డాలర్లు. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలో 2022లో తక్కువ ఆదాయం ఉన్న జ్యూరర్లకు రోజుకు 100 డాలర్లిచ్చే ప్రయోగం మొదలుపెట్టారు.

మరికొన్ని రాష్ట్రాలు భారాన్ని యజమాని మీదికి నెట్టాయి. మసాచుసెట్స్‌లో మొదటి మూడు రోజుల జీతం యజమానే ఇవ్వాలి, నాలుగో రోజు నుంచి రాష్ట్రం 50 డాలర్లిస్తుంది. న్యూయార్క్‌లో పది మందికి మించి పనిచేసే చోటే యజమాని మీద ఆ బాధ్యత ఉంటుంది, అదీ ఒక పరిమితి దాకానే. చిన్న షాపుల కష్టం తెలిసి రాసిన నిబంధన అరిజోనాది: ఐదుగురు లేదా అంతకు తక్కువ పూర్తికాలం ఉద్యోగులున్న చోట ఒకరు ఇప్పటికే జ్యూరీలో ఉంటే, రెండోవారి పిలుపును కోర్టు వాయిదా వేయాలి. దీనికి ప్రభుత్వానికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

ఈ చట్టాల్లో అందరికంటే తక్కువ రక్షణ దొరికేది ఒంటరిగా పనిచేసుకునేవాళ్లకు. స్వయం ఉపాధి ఉన్నవారు మొదటి మూడు రోజుల జీతం తమకు తామే ఇచ్చుకోవాలని మసాచుసెట్స్ చట్టం చెబుతుంది. సొంతంగా పనిచేసే ప్లంబర్‌కు ఆ మూడు రోజులూ సంపాదన ఉండదు.